ముత్యాల షెడ్డులో ఇనప్పెట్టె

టేపు తెచ్చిచ్చిన ఏజెంట్ గ్రీవ్ మర్నాడు ఆస్ట్రేలియాలోని బ్రూమ్ రేవులో శవమై తేలాడు. ప్రభుత్వ ఆఫీసుల్లో దూరిన పదకొండు మంది విదేశీ గూఢచారుల పేర్లు ఆ టేపులో ఉన్నాయి. రెండో కాపీ లేదు.

"శుక్రవారం నాలుగింటికి విమానం వస్తుంది. అప్పటిదాకా కాపాడు," అన్నాడు కాన్‌బెర్రా నుంచి చీఫ్.

ముత్యాల వ్యాపారి వేషంలో ఉన్న ఏజెంట్ లాక్లాన్ పిరీ టేపుని తన షెడ్డులోని ఫైర్‌ప్రూఫ్ సేఫ్‌లో పెట్టాడు. నాలుగు వందల కిలోల ఇనప్పెట్టె! గురువారం లంచ్‌లో తోటి ఏజెంట్ ఒడీల్‌కి ఆ సంగతి చెప్పేశాడు. పచ్చ పట్టుగౌనులో ఆమె ఎదురుగా కూర్చుంటే గొప్పలు పోకుండా ఉండటం అతని వల్ల కాలేదు.

"గంటసేపు మంటల్లో ఉన్నా లోపల కాగితం మాడదు, తెలుసా?"

"అబ్బో! లోపల చల్లగానే ఉంటుందా మరి?"

"ఏమో, ఎవరిక్కావాలి!"

శుక్రవారం మధ్యాహ్నం షెడ్డు వెనక గోడ అంటుకుంది. పిరీ కంగారు పడలేదు. ఎదురుగా నిలబడి తాపీగా టీ తాగుతున్నాడు. ఊళ్లో సేఫులు బాగుచేసే ముసలామె నోరీన్ పరిగెత్తుకొచ్చింది.

"ఆ సేఫ్ లోపలేముందయ్యా?"

"చిన్న టేపు. దానికేం కాదులెండి."

"ఏం కాదా, నీ మొహం! అది కాగితాల పెట్టె. దొంగల్ని ఆపే పెట్టె వేరు, కాగితాలకి వేరు, టేపులకి వేరు. లోపల నూట డెబ్బై డిగ్రీలున్నా కాగితం మాడదు. టేపు యాభై దాటితే నాశనమే. ఒక్కమాట అడక్కూడదూ నన్ను!"

పిరీకి ఒడీల్ అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. చేతిలో కప్పు జారిపోయింది. గ్రీవ్ ప్రాణాలిచ్చి తెచ్చినదాన్ని తను లంచ్ కబుర్లలో శత్రువుకి అప్పగించాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

తడిగోనె కప్పుకుని లోపలికి దూకాడు. పొగలో తాళం నంబర్ ఒకసారి తప్పింది. రెండోసారి తలుపు తెరుచుకుంది. టేపు గోరువెచ్చని పాలగ్లాసులా తగిలింది. అతను బయటపడగానే వెనక కప్పు కూలింది.

మూడున్నరకి ఒడీల్ ఎయిర్‌పోర్టులో పారిపోబోతూ పట్టుబడింది.

"శభాష్ పిరీ! టేపు బాగానే ఉందా?" అన్నాడు చీఫ్ ఫోన్‌లో.

"ఉంది సార్. నోరీన్ గారి టేపుల పెట్టెలో."

"దాని నంబరెంత?"

 

"ఆవిడ నాకు చెప్పనంటోంది సార్. చెబితే లంచ్‌లో ఎవరికో ఒకరికి చెప్పేస్తానట."