గొంతు సవరించుకున్న దెయ్యం

“దెయ్యం నా పరువు తీసేసింది అమ్మమ్మా!”

చేతిలో గొడుగు ఉండి కూడా తడిసి ముద్దయి ఇంట్లోకొచ్చిన మా మనవరాలు అన్న మొదటి మాట అది. నేను బీన్స్ తుంచుతున్నదాన్ని తుంచుతున్నట్టే ఆగిపోయాను.

“ఏ దెయ్యమే? ఎక్కడ పట్టుకుంది?”

“స్టూడియోలో. పొడుగ్గా ఉంటుంది. చింపిరి జుట్టు, వంకర నవ్వు.”

“దెయ్యాలు నవ్వుతాయా?”

“అయ్యో, మనిషే అమ్మమ్మా! సినిమాల్లో దెయ్యాలకి గొంతు ఇచ్చీ ఇచ్చీ అందరూ అలాగే పిలుస్తారు.”

లోపల్నుంచి వాళ్ళమ్మ, అంటే మా అమ్మాయి, “ముందు తల తుడుచుకో, దెయ్యం సంగతి తర్వాత” అని కేకేసింది.

నాకు చదువు అంతంతమాత్రం. కానీ ఒకసారి విన్నది చెవిలోంచి జారిపోదు. స్టూడియోలో జరిగింది ఈ పిల్ల ఒకలా చెప్పింది, ఆ అబ్బాయి తర్వాత ఇంకోలా చెప్పాడు. రెండూ అతికించి రాస్తున్నాను. అతుకు కనిపిస్తే సర్దుకోండి.

మా పిల్లకి డబ్బింగ్ సినిమాకి మాటలు రాసే పని దొరికింది. అదే మొదటి పని. సినిమా ఏమో ఏనాటిదో నలుపు తెలుపు డిటెక్టివ్ సినిమా. అందులో ఒకడు ఆత్మలతో మాట్లాడతానని జనాన్ని మోసం చేస్తుంటాడు. వాణ్ణి మేం ఇంట్లో ‘ఆత్మల ఆసామి’ అనుకునేవాళ్ళం. భర్త పోయిన ఒక పెద్దావిడని కూర్చోబెట్టి, దీపాలార్పి, ఆ భర్త గొంతుతో ఏదో ముద్దుమాట పెట్టి పిలుస్తాడు. ‘మా ఆయన నన్నలా పిలిచేవాడు కాదే’ అని ఆవిడకి అనుమానం తగుల్తుంది. అప్పుడు డిటెక్టివ్ పని చేసే ఒక మెజీషియన్ వచ్చి, బల్ల కింద నల్లదారం లాగి చూపించి, వాడి గుట్టు రట్టు చేస్తాడు. కాబట్టి ఆ పిలుపు కుదిరితేనే సినిమా కుదిరినట్టు.

మా పిల్ల రాత్రంతా ఆలోచించి “ప్రియతమా, విలపించకుమా!” అని రాసింది.

ఆత్మల ఆసామికి గొంతు ఇచ్చేది మన దెయ్యమే. మైకు ముందు నిలబడి అది చదివాడు. అద్దం అవతల మిషన్ల దగ్గర కూర్చున్నవాళ్ళంతా పొట్ట పట్టుకుని నవ్వారట. డబ్బింగ్ చూసుకునే ఇన్‌ఛార్జి మాత్రం నవ్వలేదు. “చూడమ్మా, శనివారం ఈ సీన్ రికార్డింగ్. అప్పటికి కుదరకపోతే పాత రైటర్ని పిలుచుకుంటాను. సినిమా మొత్తం ఆయనే రాసుకుంటాడు” అని లేచిపోయాడు.

వరండాలో మా పిల్ల దెయ్యాన్ని నిలదీసింది.

“కావాలనే కదా అలా దీర్ఘాలు తీశారు?”

“లేదండీ. మీరు రాసినన్ని దీర్ఘాలే తీశాను.”

“మీకది నవ్వులాట. నాకు ఉద్యోగం!”

“నవ్వింది వాళ్ళు. నేను పెదాలు చూస్తున్నాను.”

“ఎవరి పెదాలు?” అని ఈ పిల్ల రెండడుగులు వెనక్కి వేసింది.

“అయ్యయ్యో, తెర మీద ఆయనవండీ!” దెయ్యం చెవులదాకా ఎర్రబడ్డాడు. “ప అన్నా, బ అన్నా, మ అన్నా పెదాలు కలవాలి కదా. మీ మాటలో నాలుగుసార్లు కలుస్తాయి. అక్కడ ఆయన ఒక్కసారీ నోరు మూయడు. ఆవలిస్తున్నట్టు తెరిచే ఉంచుతాడు.”

“ఈ సంగతి నిన్ననే చెప్పొచ్చుగా?”

“నిన్న మీరు పేజీ నిండా కామాలు చల్లుతున్నారు. ముగ్గుకి చుక్కలు పెట్టేవాళ్ళని పలకరించొచ్చా, కామా గారూ?”

కామా గారూ! అంతే, ఆ కోపంలో గొడుగు విప్పడం కూడా మరిచిపోయి వానలో నడిచొచ్చేసింది.

మర్నాడు కూడా వానే. పని అయ్యాక బస్సు కోసం నిలబడితే దెయ్యం వచ్చి పక్కన నిలబడ్డాడట.

“ఒక మాట తోచిందండీ. ‘ఏమోయ్’ అంటే ఎలా ఉంటుంది?”

“అందులో మ ఉంది. నిన్న మీరే కదా పాఠం చెప్పారు?”

“రాసేటప్పుడు ఉంది. పిలిచేటప్పుడు ఎవరైనా ‘ఏమోయ్’ అంటారా? ‘ఏవోయ్’ అంటారు. పెదాలు కలవవు, చూడండి.”

బస్సెక్కారు. ఈ పిల్ల చూసింది. నిజమే, కలవలేదు. తనూ అనిచూసింది. “ఏవోయ్.”

“ఇంకొంచెం దగ్గరితనం ఉండాలి. ఏవోయ్!”

“ఏవోయ్, ఏడవకోయ్!”

“అబ్బ, అదీ! ఒక్కసారి కూడా కలవలేదు!”

అరుచుకుంటున్న వీళ్ళిద్దర్నీ చూసి కండక్టర్, “ఏవోయ్‌లూ గీవోయ్‌లూ ఇంటికెళ్ళాక అనుకోవచ్చు. దంపతులు కాస్త లోపలికి జరగండి” అన్నాడు. బస్సంతా నవ్వింది. మా పిల్ల కిటికీలోంచి వానని చూస్తూ కూర్చుంది. ఆ కిటికీ అద్దంలో ఎవరి మొహం కనిపించిందో నేను అడగలేదు.

పిలుపు దొరికింది. కానీ అది తప్పు పిలుపని పెద్దావిడ పట్టుకోవాలి కదా! మరి అసలు భర్త ఏమని పిలిచేవాడు? అది దొరకలేదు. రేపు శనివారమనగా, దెయ్యాన్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది.

“అమ్మమ్మా, తాతయ్య నిన్ను ఏమని పిలిచేవారు?”

“చాల్లేవే! అది చెప్పుకునే మాటా?”

“చెప్పు అమ్మమ్మా, ఉద్యోగం పోతుంది!”

మా అమ్మాయి టీ కప్పులు పెడుతూ, “నాకూ తెలీదు. నాన్న అమ్మని పిలవడం నేనెప్పుడూ వినలేదు” అంది.

“పిలిస్తే కదా వినడానికి” అన్నాను నేను. నోరు జారింది.

దెయ్యం కుర్చీ ముందుకి లాక్కున్నాడు. “మరి ఏం చేసేవారు అమ్మమ్మగారూ?”

“గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకునేవారు. అంతే. వచ్చాననీ అదే, ఆకలనీ అదే, అలిగాననీ అదే. నాకు తేడా తెలిసేది.”

“ఇలాగా?” అని అతను పెద్దగా దగ్గాడు.

“అది జలుబు నాయనా.”

“ఇలా?”

“అది పోలీసు. మెత్తగా ఉండాలి. ఇంట్లో ఎవరో నిద్రపోతున్నట్టు. లేపకూడదు, కానీ నాకు వినిపించాలి.”

అతను కళ్ళు మూసుకున్నాడు. మెత్తగా గొంతు సవరించుకున్నాడు.

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకే తెలీదు. అన్నం వడ్డించడానికి అయ్యుంటుంది. కాసేపటికి మా అమ్మాయి నా భుజం మీద చెయ్యేసి, “ఈ అబ్బాయికి దెయ్యం అని ఎవరు పెట్టారో గానీ, సరిగ్గానే పెట్టారు” అంది. అందరం నవ్వాం. నేను కొంచెం ఆలస్యంగా నవ్వాను.

శనివారం ఇన్‌ఛార్జి కాగితం చూసి మొహం చిట్లించాడట. “దగ్గేంటమ్మా? జనం మళ్ళీ నవ్వుతారు.”

“ఒక్కసారి వినండి సార్. అప్పటికీ నచ్చకపోతే నేనే వెళ్ళిపోతాను” అంది మా పిల్ల.

లైటు వెలిగింది. ఆత్మల ఆసామి, “ఏవోయ్, ఏడవకోయ్” అన్నాడు. తెర మీద పెద్దావిడ మనకి వీపు పెట్టి కూర్చుని ఉంటుంది కాబట్టి పెదాల గొడవ లేదు. ఆమెకి గొంతు ఇచ్చే ఆవిడ మెల్లగా చదివింది: “మా ఆయన నన్ను ఎన్నడూ నోరు తెరిచి పిలవలేదు. గుమ్మంలో గొంతు సవరించుకునేవారు. ఆ చప్పుడుకే నేను లేచేదాన్ని. ఇంతకీ నువ్వెవరు?”

అద్దం అవతల ఎవరూ నవ్వలేదు. ఇన్‌ఛార్జి కాగితం మడిచి పక్కన పెట్టి, “ఇంకో టేక్ వద్దు” అన్నాడు. తర్వాత కళ్ళజోడు తుడుచుకుంటూ, “తర్వాతి సినిమా కూడా నువ్వే రాయి. కామాలు తగ్గించు” అన్నాడు.

ఉద్యోగం నిలబడింది. కానీ దెయ్యం? రోజూ టీకి వస్తాడు, జోకులేస్తాడు, గొడుగు మరిచిపోయి వెళ్తాడు, దానికోసం మళ్ళీ వస్తాడు. చెప్పాల్సింది మాత్రం చెప్పడు.

“లోకంలో దెయ్యాలన్నిటికీ గొంతు ఇస్తాడు, తన మాట చెప్పడానికి మాత్రం గొంతు లేదు!” అని మా పిల్ల గిన్నెల మీద కోపం చూపించేది.

అతనేమో నా దగ్గరకొచ్చి, “అమ్మమ్మగారూ, ఏమని చెప్పాలి? నాకు చదవడమే వచ్చు, రాయడం రాదు” అనేవాడు.

“నన్నడుగుతావేం? రాసే పిల్ల వంటింట్లో ఉంది, వెళ్ళి అడుగు” అంటే వెళ్ళడు.

సినిమా విడుదలైంది. మేం ముగ్గురం మొదటి ఆటకి వెళ్ళాం. ఆ సీన్ వచ్చేసరికి, నా ముందు కూర్చున్న ఒకాయన పక్కనున్న భార్య చెయ్యి పట్టుకున్నాడు. మెజీషియన్ దారం లాగగానే ఈలలు, చప్పట్లు. మా అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ, “ఆ అబ్బాయిని ఇంకెన్నాళ్ళు టీతో సరిపెడతామమ్మా? ఇంట్లో మనిషిని చేసుకుందాం” అని నా చెవిలో అంది.

బయటికొస్తే వాన. హాలు మెట్ల మీద జనం, గొడుగులు, గోల. మా పిల్ల చుట్టూ ఎవరెవరో చేరి అభినందిస్తున్నారు. ఆ గోలలో, ఎక్కడో వెనకనుంచి, మెత్తగా ఎవరో గొంతు సవరించుకున్నారు.

నేను చటుక్కున వెనక్కి తిరిగాను. మా పిల్ల కూడా తిరిగింది. ఇద్దరం ఒక్కసారే.

స్తంభం పక్కన దెయ్యం. నన్ను చూసి కంగారుపడిపోయాడు. “అంటే... మిమ్మల్ని కాదు అమ్మమ్మగారూ...”

“తెలుసులే నాయనా. అలవాటు.”

మా పిల్ల మాట్లాడుతున్న మాట మధ్యలో వదిలేసి మెట్లు దిగి అతని దగ్గరకు వెళ్ళింది.

“పిలిచారా?”

“పిలిచాను.”

“అంతేనా? మాటలేం లేవా?”

“మీరు రాస్తే చదువుతాను.”

ఆ పిల్ల కాసేపు వాన చూసింది. తర్వాత అతని వైపు తిరిగి, ఒక్క కామా కూడా లేకుండా గబగబా అనేసింది. “ఏవండీ వెళ్దామా?”

దెయ్యానికి అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. అర్థమయ్యాక ఆ వంకర నవ్వు నిటారుగా వచ్చింది. “చివర్లో ‘మా’ ఉందండీ. పెదాలు కలుస్తాయి.”

“కలిస్తే కలవనివ్వండి.”

“ఏమంటున్నారమ్మా వాళ్ళు, వినిపించట్లేదు” అని మా అమ్మాయి మెడ సాచింది.

నేను గొడుగు విప్పి దాని మొహానికి అడ్డంగా పట్టుకున్నాను.