సల్లనీళ్ళ మడవ

ఉడుకుగుండం కాడ పొద్దుమూకినంక ఎవరన్నా పిలిస్తే పలకొద్దు. అశ్వారావుపేట దాటి అడివిలకు పోయేటోళ్ళను అడగండి, ఎవరైనా ఇదే మాట చెప్తరు. నేనేం పుట్టించి చెప్పట్లే. అక్కడ కాపలా ఉన్న ఆదాము నోట ఇన్నోళ్ళు చెప్పంగ ఇన్న. నమ్మితే నమ్మండి, లేకుంటే ఒక రాత్రి పోయి రాండి.

రెండువేల నాలుగో ఐదో... ఆ యేడు పంచాయతీవాళ్ళు గుండం చుట్టూ గోడ కట్టి, గేటు పెట్టి, మొగోళ్ళకొక తొట్టి, ఆడోళ్ళకొక తొట్టి కట్టిచ్చిండ్రు. అక్కడ భూమిల నుంచి ఊరే నీళ్ళల్ల అట్లనే దిగితే తోలూడుద్ది. అందుకని పక్క వాగు నుంచి కాల్వ తీసి సల్లనీళ్ళు కలుపుతరు. కాల్వకు మడవ, అంటే నీళ్ళు మళ్ళే గండి, తెరిచి ఉన్నంతసేపే తానం. రాత్రికి మట్టేసి మడవ కట్టేస్తే, తెల్లారేసరికి ఉత్త ఉడుకునీళ్ళే నిండి నాచంత ఊడొస్తది. పొద్దున్నే చీపురేసి గీకి, నీళ్ళు ఇడిసిపెట్టుడే కాపలావాని పని.

తొట్లు కట్టేటప్పుడే ఒక పాపం జరిగింది. మంగ్లి అనే కూలామె ఒళ్ళు కడుక్కుందామని దిగింది. మడవ కట్టేసిండ్రని ఆమెకెవరూ చెప్పలే. మూడు రోజులు దవాఖానల ఉండి పోయింది, పాపం. పోయేదాక ఒకటే మాట —

"సల్లనీళ్ళిడువుండ్రి..."

అప్పట్సంది చీకటి పడ్డంక ఆడోళ్ళ తొట్టి దిక్కు నుంచి అదే మాట ఇనబడ్తదంటరు. మొదటి కాపలావాడు భీమయ్య నెల తిరక్కుండనే తాళంచెవులు అప్పజెప్పి దండం పెట్టిండు. పోతా పోతా, తన జాగలకొచ్చిన ఆదాము చెవిల అన్నడు:

"పిలుస్తది. పలికినవా... రేపట్నుంచి నీ గొంతు గూడ ఆ తొట్టిల్నుంచే ఇనబడ్తది."

ఆదాముది పెనుబల్లి దిక్కు. ఆదివారం చర్చి తప్పని మనిషి. "ప్రభువుండగ దెయ్యమేం జేస్తది" అన్నడు. అన్నడు గానీ, తాళమేసి గదిల పడేదాక ఎనక్కి తిరిగి సూసేటోడు కాదు.

ఆడోళ్ళ తొట్టి తడిక ఎనక ఉంటది. లోపట ఎవరన్నా ఉన్నరా అని మొగోడు తొంగి సూస్తే ఇంకేమన్నా ఉందా? వీపు పగులుద్ది. అందుకని ఆదాము ఒక ఉపాయం పట్టిండు. వచ్చినోళ్ళంత గేటు కాడనే చెప్పులిడవాలె. పొద్దుమూకినంక అక్కడ జత లేకుంటే, లోపట మనిషి లేనట్టు. అయినా రెండుసార్లు కేకేసేటోడు. ఇన్ని నెలల్ల ఒక్కనాడు లెక్క తప్పలే.

ఆ పొద్దు క్రిస్మస్‌కు వారం ముంగట. సలికి తొందరగ మాపయింది. గేటు కాడ ఒక్క చెప్పు లేదు.

"అమ్మా... లోపట ఎవరన్నా ఉన్నరా?"

సప్పుడు లేదు. ఇంకోసారి అరిసిండు. లేదు. నాలుగు పారల మట్టేసి మడవ కట్టి, గేటుకు తాళమేసి, పొయ్యి మీద ఎసరు పెట్టిండు.

అన్నం ఉడుకుతుండంగ —

"సల్లనీళ్ళిడువు..."

ఆడమనిషి గొంతు. మెల్లగ. పక్కన కూసోని అడిగినట్టు.

ఆదాము ప్రార్థన ఎత్తుకున్నడు, సగంల మాటలే మర్సిపోయిండు.

"ఆదామా... కాలుతుంది. సల్లనీళ్ళిడువు."

పేరుతోటి పిలిసింది. తువ్వాల నోట్లె కుక్కుకున్నడు. పలికితే తన పని అయిపోయినట్టే. ఇంటికాడ పెండ్లాం విశ్రాంతమ్మ, ఇద్దరాడపిల్లలు కండ్ల ముందరికొచ్చిండ్రు. చెప్పుల్లేవు. మనిషి లేదు. మనిషి లేంది పిలుస్తుందంటే అది అదే.

అయినా పానం ఆగలే. బ్యాటరీ లైటు పట్టుకొని గేటు కాడికి పోయిండు. గేటు బయటి దుమ్ముల, చెప్పుల గుర్తుల నడుమ, ఒట్టి కాళ్ళ అడుగులు... లోపటికి పోయినయ్. బయటికొచ్చినయ్ లేవు.

దెయ్యం కాళ్ళు ఎనక్కి తిరిగుంటయంటరు గద. అట్లయితే ఇయ్యి లోపటికి పోయిన అడుగులు కావు... బయటికొచ్చినయ్. ఆదాము మెడ గూడ తిప్పలేకపోయిండు.

అప్పుడు లైటు ఎలుగు గోడవార పడ్డది. విస్తర్లు కుట్టే అడ్డాకుల మోపు. తీగతోటి కట్టి, గోడ నీడల ఆనిచ్చి ఉన్నది.

దెయ్యాలు అడ్డాకులు కోస్తయా? పక్క కోయగూడెం ముసలోళ్ళు చెప్పులెక్కడ తొడుక్కుంటరు! ఇన్ని నెలలు చెప్పులనే లెక్కవెట్టుకుంట వచ్చిన, మనుషులను కాదు... అని ఆదాము తల కొట్టుకున్నడు.

"ఆదామా..."

"వస్తున్న తల్లీ," అని పలికిండు. పలికితే ఏమైతదో తెల్సి గూడ పలికిండు. కాళ్ళతో మట్టి తన్ని మడవ తెంపిండు. తాళం తీసి తడిక దాటి ఉరికిండు.

లోపటంత ఆవిరే. మెట్ల మీద ఒక ముసల్ది ఒరిగి ఉన్నది. మోకాళ్ళ దాక నీళ్ళల్ల. రెక్కలు పట్టి గుంజి బయట పండుకోబెట్టిండు. కాళ్ళు ఎర్రగ కమిలినయ్ గానీ ఊపిరున్నది. సల్లనీళ్ళు పోస్తుంటే కండ్లు తెరిసింది.

"పిలిసి మంచిపని చేసినవమ్మా," అన్నడు. ఏడుపొచ్చింది. ముసల్ది ఊరికే సూస్తుంది.

అంతల గూడెం నుంచి ఆమె కొడుకు జంపయ్య ఎతుక్కుంట వచ్చిండు. తల్లి ముత్తక్కను ఒళ్ళోకి తీసుకున్నడు.

"రెండుసార్లు కేకేసిన గద, ఎందుకు పలకలేదో అడుగు," అన్నడు ఆదాము.

జంపయ్య కోయ భాషల అడిగిండు. తల్లి చెప్పింది ఇని తలూపిండు.

"ఇన్నదంట. ఎవర్నో తిడుతున్నవనుకున్నది. మా అమ్మకు తెలుగు రాదయ్యా. మోకాళ్ళ నొప్పులకని కాళ్ళు పెట్టుకొని కూసున్నదంట. కండ్లు తిరిగి, నోరు పెగల్లేదంట."

ఆదాము చేతుల చెంబు ఆగింది.

"మరి... సల్లనీళ్ళిడువుమని, నా పేరుతోటి..."

జంపయ్య మళ్ళ అడిగిండు. ఈసారి ముత్తక్క చెయ్యెత్తి తొట్టి దిక్కు సూపెట్టింది. చానసేపు చెప్పింది.

"ఏందంటుంది?"

"పిలిసింది తను కాదంట. పక్కన కూసున్నామె అంట." జంపయ్య గొంతు తగ్గించిండు. "ఆమె కాళ్ళు గూడ నీళ్ళల్లనే ఉన్నయంట... ఆమెనెందుకు బయటికి తియ్యలేదని అడుగుతుంది."