మంచం దిగని బుల్లి

ఆదివారమైనా తొమ్మిది కాకముందే ఆ ఇంట్లో కుట్టుమిషను మోత మొదలైంది. మిషను చుట్టూ గుడ్డ ముక్కలు, దారపు ఉండలు, ఎక్కడపడితే అక్కడ గుండుసూదులు. గోడవారగా మంచం మీద ఐదేళ్ల బుల్లి. చేతిలో ఫోను, పక్కన బిస్కెట్ల డబ్బా. నాయనమ్మ "ఇదే ఆఖరి ముద్ద" అంటూ ఆరో ముద్ద పెడుతోంది. ఫోను మీంచి చూపు తిప్పకుండానే పిల్ల నోరు తెరిచింది.

"నిన్న టీచరమ్మ నన్ను ఆపింది అత్తయ్యా," అంది కోడలు మిషను ఆపి. "అందరూ ఆడుకుంటుంటే ఇది బెంచీ దిగదట. నాలుగు మెట్లెక్కితే ఆయాసమట. డాక్టరుకి చూపించమంది."

"అంటే తప్పు నా ముద్దలదేనంటావు."

"ఆకలుందో లేదో చూడకుండా కుక్కేస్తారు. పైగా ఆ డబ్బా ఒకటి."

"మరి ఫోను ఎవరిచ్చారు? పిల్ల కాలు కింద పెడితే చాలు, సూదులు సూదులని కేకలేసేదెవరు? కట్టిపడేసింది నువ్వు, పరిగెత్తట్లేదని ఏడ్చేదీ నువ్వే."

మాటకు మాట పెరిగింది. అత్తగారు కంచం తీసుకుని విసురుగా వంటింట్లోకి వెళ్లిపోయింది. ఈలోగా ఫోనులో చార్జింగ్ అయిపోయింది. బుల్లి కాసేపు దిక్కులు చూసి, తల్లి కుట్టిచ్చిన గుడ్డబొమ్మను దిండుకు ఆనించి కూర్చోబెట్టింది. దాని ముందు ఖాళీ దారపు పెట్టెను ఫోనులా నిలబెట్టింది.

"నోరు తెరు. ఇదే ఆఖరి ముద్ద," అంది బొమ్మతో. "ఇంకోటి. ఇదే ఆఖరిది."

తల్లికి నవ్వొచ్చింది. "పాపం, దాన్ని కాసేపు కిందికి దించి ఆడుకోనివ్వవే."

"వద్దమ్మా. మంచిపిల్లలు దిగరు."

ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. వంటింటి గుమ్మంలో అత్తగారు కూడా నిలబడిపోయి ఉంది. కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రెండేళ్లప్పుడు దీని అరికాల్లో సూది దిగింది కదా అత్తయ్యా. ఆ ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఆ భయంతోనే దీన్ని దిగనివ్వలేదు."

"నేను మాత్రం? ఇది ఏడిస్తే నీ పని ఆగిపోతుందని డబ్బా చేతికిచ్చాను. కడుపు నిండితే కదలకుండా ఉంటుంది కదా అనుకున్నాను."

కోడలు సొరుగులోంచి అయస్కాంతం తీసి, మోకాళ్ల మీద గదంతా పాకింది. అత్తగారు వెనకే చీపురు పట్టింది. మిషనును మూలకు జరిపి, సూదులన్నీ డబ్బాలో వేసి మూత బిగించారు.

"దిగవే," అంది తల్లి.

బుల్లి ఒక కాలు దించి, చటుక్కున వెనక్కి తీసుకుంది. "సూదులు?"

తల్లి చెప్పులు విప్పేసి గది ఈ మూల నుంచి ఆ మూలకు నడిచింది. మోకాళ్ల నొప్పులున్నా నాయనమ్మ కూడా ఆమె వెంట నడిచింది. వాళ్ల పాదాల వంకే చూస్తూ బుల్లి మెల్లగా దిగింది. రెండడుగులు వేసింది. ఆ తర్వాత ఇక ఆగలేదు. గదిలో అటూ ఇటూ పరిగెత్తి, ఆయాసపడి, నవ్వి, మళ్లీ పరిగెత్తింది.

మధ్యాహ్నం ముగ్గురూ కింద కూర్చుని తిన్నారు. ఫోను బీరువా మీద ఉంది. బుల్లి తన చేత్తో, సగం ఒలకబోసుకుంటూ తింది.

"చాలు నాయనమ్మా," అంది కాసేపటికి.

అలవాటుగా నాయనమ్మ చెయ్యి అప్పటికే ముద్ద కలిపేసింది. ఆవిడ మనవరాలి మొహంలోకి చూసింది, ముద్దను చూసుకుంది. తర్వాత దాన్ని తనే తినేసింది.