ఓడ కదలనివ్వని కండక్టర్

“ఏమండీ, ఈ ఓడ ఈ జన్మలో కదులుతుందా?”

ఫ్లూట్ అమ్మాయి అంత మాట అనేసరికి రిహార్సల్ హాల్లో వాద్యాలన్నీ ఠక్కున ఆగిపోయాయి. వాద్యబృందాన్ని నడిపించే కండక్టర్ చేతిలో పుల్ల గాల్లోనే ఉండిపోయింది.

ఆమె కోపంలో న్యాయం లేకపోలేదు. వాళ్లు వాయిస్తున్నది ఒక సముద్రయాత్ర సింఫనీ. దాన్ని రాసిన పెద్దమనిషి కుర్రతనంలో ఓడెక్కి దేశాలు తిరిగొచ్చి, చూసిందంతా సంగీతంలో పెట్టాడు. ఓడ రేవు విడుస్తుంటే ఒడ్డును చూస్తూ పాడుకునే పాట ఒకటుంది అందులో. అది ఫ్లూట్ ఒక్కటే వాయించాలి. ఈ కొత్త కండక్టర్ సరిగ్గా అక్కడికి రాగానే నత్తకి నడక నేర్పుతున్నట్టు చెయ్యి ఊపుతాడు. చివరి స్వరం దగ్గర ఊపిరి చాలక ఆమె కళ్లు తేలేయాల్సి వస్తోంది.

“ఓడ కదిలినా కాసేపు ఒడ్డు కనిపిస్తూనే ఉంటుంది కదండీ, తొందరేముంది?” అన్నాడతను.

“గంటసేపు అదే ఒడ్డు కనిపిస్తుంటే లంగరెత్తలేదని అర్థమండీ!”

హాలంతా గొల్లుమంది. అతనూ నవ్వాడు. అక్కడే ఆమెకు ఒళ్లు మండింది. వెటకారం చేస్తే మొహం మాడ్చుకోవాలి గానీ, బుగ్గన ఆ సొట్టలేమిటి?

ఆమె ఇంకా ట్రయల్ మీదే ఉంది మరి. శనివారం కచేరీలో బాగా వాయిస్తే ఆర్కెస్ట్రాలో సీటు ఖాయం. మధ్యలో ఊపిరి తెగిందా, చిన్నప్పటి నుంచీ కన్న కల గోవిందా.

టీ బ్రేక్‌లో వెళ్లి నాన్న పక్కన కూలబడింది. నాన్న అదే ఆర్కెస్ట్రాలో వెనకవరస డ్రమ్స్ వాయిస్తాడు.

“నాన్నా, అతను నన్ను కావాలనే ముంచుతున్నాడు. నామీద కక్ష!”

“పిచ్చితల్లీ, ఆ భాగంలో నాకు ఒక్క దెబ్బ కూడా లేదు. అందరి మొహాలూ చూస్తూ కూర్చోడమే నా ఉద్యోగం. అతను వయొలిన్లని సాగదీయడు, ట్రంపెట్లని సాగదీయడు. నీ దగ్గరికొచ్చేసరికే చెయ్యి దిగదు.”

“నేననేదీ అదేగా!”

“కక్షున్నవాడు కళ్లు మూసుకుని వింటాడా?” నాన్న టీ ఊదుకున్నాడు. “వెళ్లి అతన్నే అడుగు. నన్ను మధ్యలోకి లాగకు.”

తాడో పేడో తేల్చుకుందామని వెళ్లింది. కండక్టర్ స్టేజీ పక్క గదిలో అందరి స్వరాలూ రాసున్న స్కోరు పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు.

“మనకేమైనా పాత పగలున్నాయా? శనివారం నాకు గాలి చాలకపోతే సీటు పోతుంది, తెలుసా?”

అతని మొహం పాలిపోయింది. “మీరు ట్రయల్ మీదున్నారా? నాకెవరూ చెప్పలేదండీ!” స్కోరు మూశాడు, తెరిచాడు, మళ్లీ మూశాడు. “నవ్వకూడదు మరి. ఆ పాట అయిపోగానే మీరు ఫ్లూట్ దించేస్తారు. ఆ తర్వాతంతా ట్రంపెట్లే. అందుకని… అది అయిపోకుండా చూస్తున్నా. ఎందుకో నాక్కూడా ఇవాళ మీరు తిట్టాకే తెలిసింది. మీరంటే నాకు ఇష్టమండీ. ఎంత దద్దమ్మని, మీకు ఊపిరాడకుండా చేశాను!”

ఆమె ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

“సీటిచ్చేది మీరేనా?” అంది.

“కాదు, మీ వరసలో సీనియర్లు.”

“బతికించారు. అయితే వినండి. శనివారం నేను ఊపిరి పీల్చాకే మీ చెయ్యి కదలాలి. నేను నడుపుతాను, మీరు వెనకాలే రండి. మిగతా సంగతి తర్వాత.”

“చిత్తం,” అన్నాడు బుద్ధిగా.

శనివారం హాలు కిటకిటలాడింది. ఓడ రేవు విడిచింది. అతను పుల్ల దించి, మాటిచ్చినట్టే ఆమె ఊపిరి కోసం కాచుకున్నాడు. పాట హాయిగా సాగిపోయింది. చివరి స్వరానికి వచ్చేసరికి గాలి ఇంకా బోలెడు మిగిలింది. ఇక ఆపేయాలి. కానీ ఎందుకో అతనికేసి చూసింది. సెలవులు అయిపోతున్న బడిపిల్లాడిలా నిలబడి ఉన్నాడు, పాపం.

ఆమె ఆపలేదు. ఆ స్వరాన్ని సన్నగా, తీయగా, ఊపిరి ఉన్నంతసేపూ పట్టుకుంది. అతను చెవుల దాకా ఎర్రబడ్డాడు. ట్రంపెట్లవాళ్లు బుగ్గలు ఉబ్బించుకుని పడిగాపులు కాశారు.

కచేరీ అయ్యాక సీనియర్ మేడం వచ్చి ఆమె భుజం తట్టింది.

“సీటు నీదేనమ్మాయ్. చివర్లో అంతసేపు పట్టమని కండక్టర్ చెప్పాడా?”

“లేదండీ. అది ఆయనకి నా జవాబు.”

పక్కనే ఉన్న కండక్టర్ చేతిలోంచి పుల్ల జారిపడింది. నాన్న దాన్ని తీసి అతని చేతిలో పెట్టాడు.

“ఏమయ్యా, ఈ పెళ్లి మాట కూడా సాగదీస్తావా? వచ్చే వారం ఇంటికొచ్చి మాట్లాడు.”

“వచ్చే వారం దాకా ఎందుకండీ,” అన్నాడతను కోటు అందుకుంటూ, “ఇప్పుడే వస్తాను, పదండి!”