తెల్లగా తోమిన స్పాంజి

చాంద్రమాన కొత్త సంవత్సరం రెండో రోజు పొద్దున్నే త్సాయ్ గారి గాజుతొట్టెలో ఆరో బంగారు చేప కూడా తేలింది. పండగ పూట తాయ్‌నాన్‌లో చేపంటే ఇంటి నిండుతనానికి గుర్తు. చచ్చిన చేప ఊసెత్తడానికి ఎవరికీ నోరు రాదు. రిటైరైన పోస్టుమాస్టరు త్సాయ్ మాత్రం ఊరుకోలేదు. దారితప్పిన మొగుళ్లను వెతికిపెట్టే ప్రైవేట్ డిటెక్టివ్ కావ్ యాజెన్‌ను చేపల కోసం పిలిపించాడు.

"విషం ప్రయోగించారు," అన్నాడు, కోడలు సియూమాన్‌ను ఓరగా చూస్తూ. "వంటింట్లో బొద్దింకల మందు కొట్టిందెవరో అడగండి."

సియూమాన్ చేతిలో బ్యాగు ఉంది. పెళ్లయిన ఆడపిల్లలు పుట్టింటికి వెళ్లే రోజది. ఈసారి వెళ్తే మళ్లీ రానని ఆమె మొగుడితో అనడం త్సాయ్ చెవిన పడనే పడింది. అయినా ఆయన తగ్గలేదు.

కావ్ తొట్టె ముందు వంగింది. నీళ్లు బియ్యం కడుగులా ఉన్నాయి. మిగిలిన ఒక్క చేపా పైకొచ్చి నోరు తెరుస్తోంది.

"మందు ఎప్పుడు కొట్టారమ్మా?"

"పండక్కి వారం ముందండీ."

"మొదటి చేప?"

"నిన్న పొద్దున. నీళ్లు తెల్లబడ్డాయి, మార్చేద్దామన్నాను. ఏడాది మొదటి రెండు రోజులూ నీళ్లు పారబోస్తే సిరి పోతుందని మావయ్యగారు కసిరారు."

కావ్ గాజుగొట్టంలో కాసిన్ని నీళ్లు తీసి మందుచుక్కలు వేసింది. ముదురాకుపచ్చ రంగు తేలింది. తర్వాత ఫిల్టర్ విప్పి స్పాంజి తీసింది. కొత్త దూదిలా తెల్లగా ఉంది. వెంట వచ్చిన అసిస్టెంట్ టింగ్‌కు సంగతి అర్థం కాలేదు గానీ మేడమ్‌కు అర్థమైందని తెలిసి మురిసిపోయాడు. ఆమె అందర్నీ హాల్లో కూర్చోబెట్టింది.

"మందే కారణమైతే చేపలు ఆ రోజే పోయేవి. వాటి మలినాన్ని అరిగించే సూక్ష్మజీవులు ఈ స్పాంజి జిగురులోనే బతుకుతాయి. పండగకి ఇల్లు కడుగుతూ ఎవరో దీన్ని కూడా కుళాయి కింద తోమేశారు. కుళాయి నీళ్ల క్లోరిన్‌కి అవి చచ్చాయి, మలినం అమ్మోనియా విషమైంది. ఇందాకటి ఆకుపచ్చ రంగు చూపింది దాన్నే. నిన్న నీళ్లు మార్చినా కొన్ని దక్కేవి. ఇంతకీ తోమిందెవరు?"

కావ్ సియూమాన్‌ను చూసింది.

"నేను చూళ్లేదండీ," అంది సియూమాన్.

త్సాయ్ తల వాలిపోయింది. ఆ రోజు పెరట్లో తను తోముతుంటే బ్రష్షు అందించింది ఆమే. "మావయ్యగారూ, ఇక చాలు," అన్నది కూడా ఆమే. తను ఇంత నింద వేసినా ఆ పిల్ల తన పరువు కాస్తోంది.

"నేనే తోమాను," అన్నాడు. "చేపల్ని నేనే చంపుకుని, నిన్ను దోషిని చేశాను. తప్పయిపోయిందమ్మా."

ఆమె బ్యాగు వదల్లేదు. త్సాయ్ లేచి, బకెట్ ముంచి, వీధి వీధంతా పండగ బట్టల్లో చూస్తుండగా ఆ తెల్లనీళ్లు గుమ్మం ముందు కాలవలో పారబోశాడు. మళ్లీ ముంచబోయాడు.

"సగమే తీయండి మావయ్యగారూ," అంది సియూమాన్ చెప్పులేసుకుంటూ. "పోసే నీళ్లలో క్లోరిన్ విరుగుడు మందు కలపండి. రేపొచ్చి మిగతాది నేను చూస్తాను."