పావు వంతు రక్తం

సోమవారం ఉదయం తొమ్మిదీ పది. కజక్ నగరం తరాజ్‌లోని మధుమేహ పరిశోధనశాలలో మూడో నంబరు ఫ్రీజర్ తెరిచి ఉంది. నలభై ఏడో ట్యూబు లేదు.

"దొంగ ఇక్కడే ఉంది." డైరెక్టర్ ప్రొఫెసర్ మర్లెన్ ఒస్పానొవ్ ల్యాబ్ టెక్నీషియన్ రౌషన్ వైపు గడ్డం ఎగరేశాడు. "తీసుకెళ్ళండి కెప్టెన్ గారూ."

పోలీసు కెప్టెన్ తొలెగెన్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. నలగని సూటు. గోడ నిండా సర్టిఫికెట్లు. ఇలాంటి మనుషులంటే తొలెగెన్‌కు ఒళ్ళుమంట.

"ఎవరి రక్తం అది?"

"దులాత్ అని, గొర్రెలు కాసుకునేవాడు. ఆ ఇంట్లో షుగరు జబ్బు తరతరాలుగా వస్తోంది. దానికి కారణమైన జన్యువును నేను పట్టుకున్నాను. తల్లికుంది, కొడుక్కీ ఉంది. కానీ మొత్తం జన్యువులు పోలిస్తే తల్లీకొడుకులకు సగం కలవాలి. కలిసింది పావే! ఈ మొద్దు ఇంకెవరో బంధువు రక్తానికి దులాత్ పేరు అంటించింది. మళ్ళీ పరీక్ష చేస్తే దొరికిపోతానని ట్యూబు మాయం చేసింది."

రౌషన్ ఒక అడుగు ముందుకు వేసింది. "నేను మార్చలేదు సార్. ఇద్దరు పిల్లలున్నారు నాకు. ఈ మచ్చ పడితే ఏ ల్యాబూ గడప తొక్కనివ్వదు."

"ఏడుపులు బయట!" అన్నాడు ప్రొఫెసర్.

తొలెగెన్ ఆమె వైపు తిరిగాడు. "పరీక్ష ఎప్పుడు చేశావమ్మా?"

"శుక్రవారం మూడింటికి. ఒక్కసారే."

"ఫ్రీజర్ తాళాలు?"

"నా దగ్గరొకటి, సార్ దగ్గరొకటి."

"ఆ ఒక్క పరీక్షే తప్పేమో ప్రొఫెసర్ గారూ?"

"తప్పా? రెండుసార్లు చేసినా అదే పావు!"

తొలెగెన్ దులాత్ వివరాలు అడిగాడు. ఫారం అందుకుని చదివాడు. తల్లి బల్జాన్, డెబ్బై రెండేళ్ళు. కొడుకు దులాత్, పంతొమ్మిది. అందులో ఉన్న నంబరుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"పోలీసునమ్మా. యాభై మూడేళ్ళకు కొడుకుని కన్నావా?"

"సిగ్గులేదట్రా నీకు!" ముసలావిడ పకపకా నవ్వింది. "కన్నది మా పెద్ద కోడలు. తొలి మనవడు కదా, మా ఆనవాయితీ ప్రకారం పెంచుకోమని నా ఒళ్ళో వేశారు. నన్ను అమ్మా అంటాడు, దాన్ని వదినా అంటాడు. మరి నా కొడుకే!"

"ఆ సంగతి వాడికి తెలుసా?"

"వాడికీ తెలుసు, ఊళ్ళో కుక్కలకీ తెలుసు. కన్నదెవరని మీ వాళ్ళు అడగనేలేదు."

"ఎక్కడున్నారు? ఒకసారి ల్యాబుకు రండి."

"ఇక్కడే, బజార్లో. అయిదు నిమిషాల్లో వస్తాం."

తొలెగెన్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"నానమ్మకీ మనవడికీ కలవాల్సింది పావే కదమ్మా?"

"పావే సార్," అంది రౌషన్.

"అంటే నీ పరీక్ష అక్షరాలా సరైనది. నువ్వు చేసింది ఒక్కసారే. మరి రెండోసారి చేసిందెవరు?"

ప్రొఫెసర్ చూపు కంప్యూటర్ వైపు మళ్ళింది.

రౌషన్ మిషన్ రికార్డు తెరిచింది. ఆదివారం, సాయంత్రం నాలుగుంపావు. పాస్‌వర్డ్ ఒస్పానొవ్‌ది.

"బుధవారం విదేశీ నిపుణులు వస్తున్నారు," ప్రొఫెసర్ గొణిగాడు. "ఆ ఒక్క ట్యూబు నా ఫలితాల పట్టికంతా పాడుచేస్తోంది. సింకులో పారబోశాను."

"నువ్వూ కజక్‌వే కదయ్యా? తొలి మనవడు ఎవరి ఒళ్ళో పెరుగుతాడో తెలీదా?"

"పల్లెటూరి అలవాట్లు సైన్సుకెందుకు?"

"ఛీ!" తొలెగెన్ అసహ్యం దాచుకోలేదు. "ఇంత చదివి ఒక ముసలావిడను ఒక్క మాట అడగలేకపోయావు. పైగా ఈమె నోటిదగ్గర కూడు లాగేద్దామనుకున్నావు. ఆ జన్యువు మూడు తరాలు దిగిందనడానికి నువ్వు పారబోసిన రక్తమే అసలు సాక్ష్యం. పద, జీపు కింద ఉంది."

అప్పుడే తలుపు తెరుచుకుంది. బల్జాన్, వెనకే దులాత్. సంగతి విని వాడు చొక్కా చేయి పైకి మడిచాడు.

"దీనికా పోలీసులు? తీసుకోండి, ఒంట్లో బోలెడుంది."

ప్రొఫెసర్ ఆత్రంగా సిరంజి అందుకోబోయాడు. దులాత్ చేయి వెనక్కి లాక్కున్నాడు.

"మీరొద్దు. ఆ అక్క తీస్తుంది."