కడిగిన మక్క చొప్ప

“ఎవరు కడిగిండ్లు దీన్ని?”

ఊర్మిల అరుపుకు మల్లాపూర్ చేనులో కొంగలు లేచిపోయాయి.

సాగర్ నవ్వుతూ ముందుకొచ్చాడు. “నేనే మేడం. మళ్ల వస్తనంటిరి గదా. బూజు వట్టిన చొప్ప బర్రెకు గూడ ఎయ్యం, మీకెట్లిస్తం? మంచిగ కడిగి, ఎండవెట్టి, కట్టలు గట్టిన.”

“నాకు కావాల్సింది గా బూజే!”

సాగర్ నవ్వు ఆగిపోయింది.

ఊర్మిల జగిత్యాలలో చదువుతోంది. సాగర్ చేనులో మొక్కజొన్న చొప్ప కుప్పకు పట్టిన బూజులో ఒక ఎంజైము ఉంది. అది గట్టి చొప్పను చక్కెరగా మారుస్తుంది. చక్కెరను పులియబెడితే ఇథనాల్. దానితో బండ్లు నడుస్తాయి. మొదట తీసుకెళ్లిన బూజు, సమ్మెలో కరెంటు పోయి ల్యాబులోనే చచ్చిపోయింది. అలాంటిది ఇంకెక్కడా దొరకలేదు.

“ఇగ ప్రాజెక్టు లేదు, చదువు లేదు. సిరిసిల్ల పోయి మా అమ్మతోని బీడీలు చేసుకుంట.”

కళ్లు తుడుచుకుని ఆటో ఎక్కింది.

“మా నాయిన దించిన కల్లు పులిస్తే మనుషులు తూలుతరు. మీది పులిస్తే బండ్లు ఉరుకుతయా?” అని పోయినసారి ఆటపట్టించిన సాగర్‌కు ఇప్పుడు తను కట్టిన కట్టలనే తన్నాలనిపించింది. కుప్ప అడుగున బాగా మురిగిన దంట్ల బూజు కడిగినా పోలేదని, వాటిని పెంటకుప్పలో వేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. వెంటనే పెంటలోకి మోకాళ్ల దాకా దిగాడు.

కోరుట్లలో సమ్మె చేసేవాళ్లు నడిరోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. బస్సుల్లేవు. ఆటోలూ ఆగిపోయాయి. చిక్కుకుపోయిన ఊర్మిల ముందు ఎవరో ఉల్లిగడ్డలు పెట్టి కోయమన్నారు. ఏడవడానికి మంచి సాకు దొరికింది.

అంతలో బండి మీద చొప్ప మూటతో సాగర్ దిగాడు. పొయ్యి దగ్గరి బుచ్చవ్వ చెయ్యి చాపింది.

“టైముకు తెచ్చినవ్ కొడుకా! మంట ఆరిపోతాంది, ఇటియ్యి.”

సాగర్ మూటను వాటేసుకున్నాడు. “అవ్వా, నీ కాల్మొక్త! నన్నన్న పొయ్యిల వెట్టు, దీన్ని వెట్టకు!”

“ఏమున్నదిరా అండ్ల?”

“బూజు.”

జనం గొల్లుమన్నారు. ఊర్మిల పరుగెత్తుకొచ్చి మూట విప్పింది. పచ్చటి బూజు! చినుకులు మొదలయ్యాయి. సాగర్ గబగబా అంగీ విప్పి కప్పబోయాడు.

“తడవనియ్యి. దానికి తడే కావాలె.”

“మరి నాకు?”

“నీకు తానం కావాలె. పెంట వాసనొస్తున్నవ్.”

సాగర్ తల వంచుకున్నాడు. “మనసుకు నచ్చినోళ్లకు మురిగింది ఎట్లిస్తమని... గందుకే కడిగిన.”

ఈసారి చేతిలో ఉల్లిగడ్డ లేదు. అయినా ఊర్మిల కళ్లు చెమ్మగిల్లాయి.

“ఇంకోసారి ఏదన్న కడిగేముందు నన్నడుగు.”

“రోజూ అడగాల్నంటే?”

మూటను ఒడిలో పెట్టుకుని ఆమె బండి వెనక కూర్చుంది. “గట్లయితే సిరిసిల్ల వచ్చి మా అమ్మనడుగు. ముందు జగిత్యాలకు పోనియ్యి.”

బుచ్చవ్వ జనం వైపు గరిటె ఎత్తింది.

“తొవ్వ ఇడువుండ్లే! బూజు పోతాంది!”